ప్ష్‌ష్ అనకపోతే టర్బో కాదా?

మా షాపుకొచ్చే కుర్రాళ్లు ఈమధ్య మైలేజీ గురించి అడగడం మానేశారు. ఫోన్ తీసి ఒక రీల్ చూపిస్తారు. అందులో ఏదో కారు, గేరు మార్చేటప్పుడు యాక్సిలరేటర్ వదలగానే బానెట్ లోంచి ‘ప్ష్‌ష్’ అంటుంది. “అన్నా, మనదీ టర్బోనే కదా, ఇలా అనాలి. ఎంతవుద్ది?” ఇదీ వరస.

నాది విజయవాడ ఆటోనగర్‌లో చిన్న షెడ్డు. కార్ల ఎలక్ట్రికల్ పని, స్కానింగ్, సెన్సర్లు, టర్బో తంటాలు. డెంటింగ్, పెయింటింగ్ జోలికి పోను. మా నాన్న ఇదే షెడ్డులో లారీల డైనమోలకి వైండింగ్ చేసేవాడు. ఆయనకి బండి చప్పుడు వింటే రోగం తెలిసేది. ఇప్పుడు రోగం లేని బండికి చప్పుడు పెట్టమని అడుగుతున్నారు, కాలం అది.

ఆ ప్ష్‌ష్ అనే వస్తువు బ్లో-ఆఫ్ వాల్వ్. మన దగ్గర డంప్ వాల్వ్ అని, బీఓవీ అని అంటారు. నేను అమ్మాను, బిగించాను, వేరేవాళ్లు బిగించినవి విప్పి పక్కన పెట్టాను కూడా. చప్పుడు మీద నాకేం కోపం లేదు. చప్పుడు కావాలని చప్పుడు కొనుక్కుంటే అది మీ సరదా, మీ డబ్బు. ఒళ్లు మండేదల్లా, దానికి ఇంజిన్ బలం అని పేరు పెట్టి అమ్మినప్పుడు. “టర్బో లైఫ్ పెరుగుద్ది, పికప్ పెరుగుద్ది” అని చెప్పి బిగిస్తారు. కంపెనీ వాల్వ్ బాగున్న మామూలు రోడ్డు బండికి ఇది పెడితే పెరిగేది చప్పుడు ఒక్కటే.

అసలు లోపల ఏం జరుగుతుందో చెప్తాను, విసుక్కోకండి. ఇది అర్థమైతే తర్వాత మిమ్మల్ని ఎవరూ బుట్టలో వేయలేరు.

సైలెన్సర్ వైపు పోయే పొగ టర్బోలో ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే షాఫ్టుకి రెండో కొసన ఉన్న కంప్రెసర్ చక్రం బయటి గాలిని పీల్చి, నొక్కి, ఇంజిన్ లోపలికి తోస్తుంది. చిన్న కార్ల టర్బోలు నిమిషానికి లక్షన్నర చుట్లు దాటి తిరుగుతాయి. పెట్రోలు ఇంజిన్‌లో గాలి లోపలికి పోయే చోట థ్రాటిల్ అనే తలుపు ఉంటుంది. మీరు పెడల్ మీంచి కాలు తీయగానే ఆ తలుపు మూసుకుంటుంది. టర్బో మాత్రం ఆ ఊపులో ఇంకా తోస్తూనే ఉంటుంది. పొలంలో బోరు మోటారు నడుస్తుండగా డెలివరీ పైపు వాల్వు టక్కున కట్టేస్తే పైపులన్నీ ఎలా అదురుతాయో చూసినవాళ్లకి ఇంకేం చెప్పక్కర్లేదు. పోయే దారి లేక గాలి వెనక్కి తిరిగి కంప్రెసర్ చక్రం మీద పడుతుంది. ‘స్టు-టు-టు’ అని తడబడుతుంది. దాన్ని సర్జ్ అంటాం. ప్రెషర్ ఎక్కువ పెట్టిన బండ్లలో ఇది అదే పనిగా జరుగుతుంటే టర్బో బేరింగులకి మంచిది కాదు.

ఆ గాలికి పక్కదారి చూపించేదే ఈ వాల్వ్. లోపల ఒక పిస్టన్ గానీ రబ్బరు డయాఫ్రం గానీ ఉంటుంది. దాన్ని మూసి పట్టడానికి స్ప్రింగు, నెత్తిన ఒక సన్న పైపు. ఆ సన్న పైపు ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కి, అంటే థ్రాటిల్ దాటాక గాలిని సిలిండర్లకి పంచే గొట్టాల గుత్తికి పోతుంది. థ్రాటిల్ మూసుకున్న క్షణంలో మానిఫోల్డ్‌లో వాక్యూమ్, అంటే గాలి లేని లాగుడు పుట్టి పిస్టన్‌ని పైకి లాగుతుంది, దారి తెరుచుకుంటుంది. కొత్త బండ్లు చాలావాటిలో వాక్యూమ్ బదులు కరెంటు కాయిల్ ఆ పని చేస్తుంది, అంతే తేడా.

తెరుచుకున్నాక గాలి ఎటు పోవాలి? కంపెనీలు దాన్ని ఎయిర్ ఫిల్టర్ తర్వాత, టర్బో నోటి ముందున్న పైపులోకే తిరిగి పంపిస్తాయి. అందుకే మీకు పెద్దగా వినపడదు. దీన్ని డైవర్టర్ వాల్వ్ అనడం అలవాటు. బజార్లో తళతళలాడుతూ దొరికేవి ఎక్కువగా గాలిని బయటికే వదిలేస్తాయి. చప్పుడు వచ్చేది అందువల్లే, తలనొప్పులు వచ్చేదీ అందువల్లే.

గుంటూరు నుంచి ఒక డాక్టరు గారు మా దగ్గరికి వస్తారు. ఆయనకి స్కోడా ఆక్టావియా ఆర్‌ఎస్ ఉంది. 2000 దశకం మధ్యలో మన దేశంలో అమ్మిన బండి. 1.8 లీటర్ల టర్బో పెట్రోలు, 150 హార్స్‌పవర్, సిలిండర్‌కి 5 చొప్పున 20 వాల్వులు. మన దగ్గర టర్బో అంటే డీజిలే అనుకునే రోజుల్లో వచ్చింది. ఇప్పటికీ ఆ బండి బానెట్ ఎత్తితే చేతిలో పని పక్కన పెట్టి ఒకసారి తొంగి చూడాల్సిందే.

వాళ్లబ్బాయి సెలవులకి వచ్చినప్పుడు వేరే ఊళ్లో ఎక్కడో దానికి డంప్ వాల్వ్ పెట్టించాడు. నీలం రంగు అల్యూమినియం. అబ్బాయి చదువుకి వెళ్లిపోయాడు, బండి నాన్నకి మిగిలింది. సిగ్నల్ దగ్గరికి వచ్చి క్లచ్ తొక్కితే ఇంజిన్ ఆగిపోతోంది. గేరు మారినప్పుడు ఒక కుదుపు. వెనకాల వచ్చేవాడు హారన్ కొట్టి మరీ చూపించేంత నల్ల పొగ. “మావాడేమో పికప్ బ్రహ్మాండంగా పెరిగింది నాన్నా అన్నాడు. నాకేమో బెంజ్ సర్కిల్ దాటేలోపు రెండుసార్లు ఆగిపోయింది” అన్నారు డాక్టరు గారు.

బానెట్ ఎత్తగానే నా కన్ను ముందు పైకి పోయింది. బానెట్ లోపలి ఫెల్టు మీద అరచేయంత నూనె మరక, దానికి అంటుకుని బూడిద రంగు దుమ్ము. సరిగ్గా ఆ నీలం వాల్వ్ నోటికి ఎదురుగా. ఇంజిన్ లోపలి నూనె ఆవిరి బ్రీదర్ పైపు ద్వారా టర్బో నోట్లోకే వస్తుంది కాబట్టి ఆ గాలిలో ఎప్పుడూ కాస్త నూనె ఉంటుంది. కంపెనీ పద్ధతిలో అది లోపలికే పోయి కాలిపోతుంది. ఇక్కడ ప్ష్‌ష్ అన్నప్పుడల్లా బానెట్‌కి పూత పడుతోంది.

ఇంజిన్ స్టార్ట్ చేసి, పెడల్ తొక్కకుండా ఐడిల్‌లో ఉంచి, వాల్వ్ నోటికి వేలు అడ్డం పెట్టాను. గాలి బయటికి తోస్తుందనుకుంటారు కదా? వేలిని లోపలికి లాగింది! ఆర్‌పీఎం కూడా మారింది. స్ప్రింగు మరీ మెత్తన. ఐడిల్‌లో ఉండే వాక్యూమ్‌కే పిస్టన్ కొంచెం లేచి ఉంటోంది. అప్పుడు టర్బో ప్రెషర్ ఉండదు కాబట్టి ఇంజిన్ ఆ సందులోంచి గాలి పీలుస్తోంది. ఫిల్టర్ లేని గాలి. మా ఆటోనగర్ రోడ్ల దుమ్ము ఎలా ఉంటుందో మీకు తెలియకపోతే ఒకసారి తెల్ల చొక్కా వేసుకుని రండి.

ఇక నల్ల పొగ సంగతి. ఆ ఇంజిన్‌లో ఫిల్టర్ పెట్టె దాటగానే గాలిని కొలిచే సెన్సర్ ఉంటుంది. మాఫ్ అంటాం. ఎంత గాలి లోపలికి వచ్చిందో అది చెప్తే, దానికి తగ్గ పెట్రోలు కంప్యూటర్ పోస్తుంది. మామూలుగా 14.7 గ్రాముల గాలికి 1 గ్రాము పెట్రోలు లెక్క. లెక్కలో పడిన గాలిని దారి మధ్యలో మనం బయటికి వదిలేస్తే కంప్యూటర్‌కి ఎలా తెలుస్తుంది? లేని గాలికి కూడా పెట్రోలు పోస్తుంది. గేరులో ఉండి కాలు తీసినప్పుడు పెట్రోలు చాలావరకు ఆగిపోతుంది కాబట్టి అంతగా తెలియదు. క్లచ్ తొక్కి గేరు మార్చేటప్పుడు, సిగ్నల్ దగ్గర న్యూట్రల్‌లోకి వచ్చేటప్పుడు తెలుస్తుంది. కుదుపు, పొగ, ఒక్కోసారి ఇంజిన్ ఆగిపోవడం. ఇలాగే తిప్పుతూ పోతే ప్లగ్గులకి మసి పడుతుంది. కాలని పెట్రోలు, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది, ఖర్చు మొదలయ్యేది అప్పుడు.

“పాత వాల్వ్ ఏదండీ?” అని అడిగాను. డిక్కీలో స్టెప్నీ కింద పేపర్లో చుట్టి ఉంది. బాష్ వాళ్ల నల్ల ప్లాస్టిక్ వాల్వ్. జర్మన్ బండ్ల పని చేసేవాళ్లం దాన్ని పార్టు నంబరు చివరి ముక్కతో 710ఎన్ అంటాం. దీన్ని పరీక్ష చేయడానికి మిషన్ అక్కర్లేదు, రెండు వేళ్లు చాలు. కింది నోట్లోంచి వేలు పెట్టి డయాఫ్రాన్ని పైకి నొక్కి పట్టుకోవాలి. నెత్తిన సన్న పైపు తగిలించే నిపుల్‌ని బొటనవేలితో గట్టిగా మూయాలి. ఇప్పుడు కింది వేలు తీసేయాలి. వాల్వ్ బాగుంటే అది పైనే నిలబడిపోతుంది. నిపుల్ వదిలితేనే టప్పున దిగుతుంది. రబ్బరు చిరిగితే మెల్లగా జారిపోతుంది.

డాక్టరు గారి చేతికే ఇచ్చి చేయించాను. జారిపోయింది. “పగిలింది” అన్నారాయన. ఏళ్ల తరబడి ఇంజిన్ వేడిలో ఉన్న రబ్బరు, ఎంతకాలమని ఉంటుంది?

వాళ్లబ్బాయి చెప్పింది అబద్ధం కాదన్నమాట. పికప్ నిజంగానే పెరిగింది. ఎందుకంటే పాత వాల్వ్ చిరిగి, బండి లాగాల్సిన సమయంలో కూడా ప్రెషర్ కొంచెం కొంచెం వెనక్కి కారుతోంది. కారని వాల్వ్ ఏది పెట్టినా పికప్ వచ్చేది. నీలం అల్యూమినియం కాబట్టి రాలేదు. ఆన్‌లైన్‌లో ‘డంప్ వాల్వ్ పెట్టాక బండి ఎగిరిపోతోంది’ అని రాసేవాళ్లలో ఎక్కువమంది కథ ఇదేనని నా అనుమానం. పాతది పోయిందో లేదో ఎవరూ చూడరు. కొత్తది పెట్టగానే తేడా కనపడుతుంది, పేరంతా కొత్తదానికి పోతుంది.

కొత్త 710ఎన్ తెప్పించి పెట్టాను. వెనక్కి పోయే పైపు నోట్లో ఎవడో మహానుభావుడు ఒక బోల్టు దూర్చి క్లిప్పు బిగించాడు. అది తీసి పైపు మళ్లీ కలిపాను. లాప్‌టాప్ తగిలించుకుని హైవే మీద గన్నవరం దాకా వెళ్లొచ్చాం. పెట్రోలు లెక్కలు దారిలో పడ్డాయి, ఐడిల్ కదలకుండా నిలబడింది, పొగ పోయింది. తిరిగొచ్చేటప్పుడు డాక్టరు గారు కాసేపు ఏం మాట్లాడలేదు. రామవరప్పాడు రింగు దగ్గర మెల్లగా అన్నారు, “అంతా బానే ఉంది కానీ... ఆ చప్పుడు కూడా పోయింది కదయ్యా.” ఆయనకీ నచ్చిందన్నమాట! పైకి మాత్రం కొడుకుని తిట్టారు.

సగం గాలి బయటికి, సగం లోపలికి వదిలే వాల్వులు ఉంటాయట కదా, అది పెడితే ఏమవుద్ది అన్నారు. ఉంటాయి. టర్బోస్మార్ట్ లాంటి కంపెనీలు రెండు నోళ్ల వాల్వులు చేస్తాయి. మాఫ్ ఉన్న బండిలో దానివల్ల రోగం తగ్గుతుంది గానీ పోదు. లెక్క సగం తప్పుతుంది, అంతే. ఈ బండిలో గాలి మొత్తం వెనక్కి పోవాల్సిందే అని చెప్పాను. మాఫ్ లేకుండా మానిఫోల్డ్ ప్రెషర్ చూసి పెట్రోలు పోసే ఇంజిన్లకి ఈ బాధ చాలా తక్కువ. కంప్యూటర్ అక్కడ చూసేది థ్రాటిల్ దాటాక ఉన్న ప్రెషర్ కాబట్టి, దానికి ముందు మీరు బయటికి వదిలిన గాలి లెక్కలోకే రాదు. అందుకే నా దగ్గరికి వచ్చినవాళ్లని ముందు అడిగేది ఏ కంపెనీ వాల్వ్ కావాలని కాదు, మీ బండి గాలిని ఎక్కడ కొలుస్తుందని. చాలామంది నా మొహం చూస్తారు. బానెట్ ఎత్తి నేనే చూసుకుంటాను.

ఇక డీజిళ్లు. అసలు తమాషా ఇక్కడుంది. మన ఊళ్లలో ఏళ్లపాటు టర్బో ఉన్నవి డీజిల్ బండ్లే. డీజిల్ ఇంజిన్‌లో వేగం తగ్గించేది డీజిల్ తగ్గించడం ద్వారా, గాలి ఆపడం ద్వారా కాదు. కొన్ని బండ్లలో గాలి దారిలో ఒక రెక్క ఉంటుంది గానీ అది ఇంజిన్ కుదుపు లేకుండా ఆగడానికి, కొంత పొగని మళ్లీ ఇంజిన్‌లోకే పంపే ఈజీఆర్ పనికి. మీరు పెడల్ వదిలినంత మాత్రాన పెట్రోలు బండిలోలా అది ఠక్కున దారి మూసేయదు. గాలికి దారి ఉన్నప్పుడు సర్జ్ ఎక్కడిది? వాల్వ్ ఎందుకు? కంపెనీ పెట్టకపోవడానికి కారణం అదే.

అయినా డీజిల్ కిట్లు అమ్ముతారు. మానిఫోల్డ్‌లో వాక్యూమ్ ఉండదు కాబట్టి మామూలు వాల్వ్ తెరుచుకోదు. అందుకని యాక్సిలరేటర్ పెడల్ దగ్గర ఒక చిన్న స్విచ్ పెడతారు. కాలు తీయగానే సోలెనాయిడ్ అనే కరెంటు వాల్వ్‌కి కరెంటు పోతుంది, పైపులో ఉన్న ప్రెషర్‌ని బయటికి వదిలేస్తుంది. అంటే ఇబ్బంది లేని చోట గాలిని పోగొట్టి, మళ్లీ పెడల్ తొక్కినప్పుడు టర్బో చేత మళ్లీ నింపించడం.

నూజివీడు నుంచి మామిడి వ్యాపారం చేసే ఆయన ఒకాయన స్కార్పియో తెచ్చి ఇది పెట్టమన్నారు. పైన రాసిందంతా ఆయనకీ చెప్పాను. ఓపిగ్గా విన్నారు. “పికప్ ఎవడడిగాడయ్యా? తోట గేటు దగ్గరికి రాగానే నేనొచ్చానని లోపల కూలోళ్లకి తెలియాలి” అన్నారు. హారన్ ఉంది కదండీ అంటే, “హారన్ అందరికీ ఉంటుంది” అన్నారు. అంత నిజాయితీగా అడిగినవాళ్లకి కాదని ఎలా అంటాను? పెట్టి పంపించాను. కొన్నాళ్లకి నల్ల పొగ అంటూ వచ్చారు. చూస్తే వాల్వ్ సీటు దగ్గర సన్నగా కారుతోంది. స్కానర్ పెడితే పీ0299, టర్బో ప్రెషర్ చాలట్లేదని. సెన్సర్ లెక్కపెట్టిన గాలి సందులోంచి పోతోంది, డీజిల్ మాత్రం పూర్తిగా పడుతోంది. ఓ-రింగు మార్చి, సీటు శుభ్రం చేసి ఇచ్చాను. ఏడాదికోసారి విప్పి చూసుకోవాలని అప్పుడే చెప్పాను, వస్తున్నారు కూడా. ఇంకో రకం ఉంది, సైలెన్సర్ గొట్టంలో దూర్చే ఈల. దాని గురించి రాయడం కూడా దండగ.

అన్నిటికంటే కష్టం సొంతవాళ్లతో. మా అక్క కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగం, కొత్తగా ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ కారు కొన్నాడు. 1.0 టీఎస్ఐ, అంటే లీటరు టర్బో పెట్రోలు ఇంజిన్, 115 హార్స్‌పవర్. దసరాకి ఇంటికొస్తూ డబ్బాతో సహా దిగాడు. “మావయ్యా, వాల్వ్ తెచ్చా, పాతది తీసి ఇది పెట్టెయ్.”

పాతది లేదురా అన్నాను. నమ్మలేదు. “టర్బో కారుకి వాల్వ్ లేకపోవడమేంటి మావయ్యా? కంపెనీవాళ్లు కక్కుర్తి పడ్డారా?”

కక్కుర్తి కాదు. టర్బో నొక్కిన వేడి గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ ఆ ఇంజిన్‌లో, ముందు బంపర్ వెనక ఉండదు. నీళ్లతో చల్లబడే రకం, ఇన్‌టేక్ మానిఫోల్డ్ లోపలే కూర్చుంటుంది. థ్రాటిల్ దానికంటే ముందే ఉంటుంది. అంటే టర్బో నుంచి థ్రాటిల్ దాకా ఉండే పైపు మూరెడు కూడా పొడవుండదు. అంత చిన్న పైపులో ఇరుక్కునే గాలి ఎంత? పైగా పొగ వైపు ఉండే వేస్ట్‌గేట్‌ని కరెంటు మోటారు నడుపుతుంది. కాలు తీయగానే అది తెరుచుకుని టర్బోని తోసే పొగని పక్కకి తప్పించగలదు. పాత బండ్లలో ఇంటర్‌కూలర్ బంపర్ దగ్గర, అక్కడి దాకా పోయి రావడానికి ఇటో పైపు అటో పైపు. వాటిలో గాలి చాలా ఉంటుంది, వాల్వ్ కావాలి. దీనికి అక్కర్లేదని లెక్కగట్టే తీసేశారు.

వాడు తెచ్చిన కిట్ ఏం చేస్తుందంటే, ఆ కురచ పైపుని కోసి మధ్యలో మూడు నోళ్ల టీ ముక్క ఒకటి పెట్టి దాని మీద వాల్వ్ నిలబెడుతుంది. లేని చోట కొత్తగా రెండు జాయింట్లు, ఒక వాక్యూమ్ కనెక్షన్. ఎక్కడ వదులైనా ప్రెషర్ లీకే. వచ్చే చప్పుడు కూడా ఆ పాటి గాలికి ‘పిస్’ మంటుంది, రీల్‌లో విన్నట్టు ఉండదు. ఈ మాట మాత్రం వాడి మనసులోకి దిగింది. వారంటీ సంగతి చెప్పినప్పుడు దిగలేదు చూడండి.

ఆ రీళ్లలో వినపడే చప్పుళ్లకి తగ్గ సరంజామా వేరు. పెద్ద టర్బో, పెద్ద ఇంటర్‌కూలర్, ఎక్కువ ప్రెషర్. జపాన్ కంపెనీ హెచ్‌కేఎస్ వాల్వ్ ఒకటి బాగా పేరున్నది. అందులో ముందు చిన్న వాల్వ్ తెరుచుకుని తర్వాత పెద్దది తెరుచుకుంటుంది. నోట్లో పెట్టే ముక్క మార్చుకుంటే స్వరం కూడా మారుతుంది. చేసేవాళ్లే మోగే తీరుని ఇంత పట్టించుకుంటున్నారంటే మనం కొంటున్నది ఏంటో వేరే చెప్పాలా? దాని నకిలీలు ఆన్‌లైన్‌లో అడుగడుక్కీ దొరుకుతాయి. చేత్తో పట్టుకుంటే అసలుకీ నకిలీకీ తేడా పెద్దగా తెలియదు. పిస్టన్‌ని వేలితో నొక్కి చూడండి. గరగరమంటూ పట్టేసి కదిలితే వదిలేయండి. తెరుచుకుని అలాగే ఇరుక్కుపోయిందంటే నడిరోడ్డు మీద బండికి లాగే శక్తే ఉండదు.

2.0 టీఎస్ఐ లాంటి వాటిలో కరెంటు వాల్వ్ టర్బో ఒంటికే మూడు బోల్టులతో ఉంటుంది. వాటికి వాల్వ్ కింద ఒక ప్లేటు పెట్టి కొంత గాలిని పక్కకి వదిలేవి వస్తున్నాయి. చవక. గాలి వదిలే సందు ఎటు తిరిగి ఉందో చూసి పెట్టించుకోండి, కింద వైరింగ్ మీద నూనె ఆవిరి పడకుండా.

ఎక్కడ పెట్టించుకున్నా ఒక్క విషయంలో మొహమాటపడొద్దు. వాక్యూమ్ పైపు ఎక్కడినుంచి తీశాడో చూడండి. కొందరు సులువుగా అందుతుందని బ్రేకుకి బలమిచ్చే బూస్టర్‌కి పోయే పైపుకి టీ ముక్క కొడతారు. ఆ సన్న పైపు ఊడినా చీలినా బ్రేకు రాయి అయిపోతుంది. నా షెడ్డుకి ఒక బండి అలాగే వచ్చింది. నడుపుతున్న కుర్రాడు బ్రేకు ప్యాడ్లు మార్చమని అడుగుతున్నాడు! బిగించినతను ఎవరని అడగలేదు, టీ పీకేసి పక్కన పడేశాను. మానిఫోల్డ్ నుంచి విడిగా తీయాలి, సరైన సైజు పైపు వాడాలి, క్లిప్పు ఉండాలి. బిగించాక, పైపుల్లోకి పొగ పంపే మిషన్‌తో లీక్ టెస్ట్ చేయమనండి. చేయనంటే డబ్బులివ్వకండి.

చట్టం కూడా చెప్పేయాలి, తర్వాత నన్ను అనకుండా. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండి మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది సవరణలో ఒక్కో మార్పుకి యజమానికి 5,000 రూపాయల జరిమానా పెట్టారు, జైలు కూడా రాసి ఉంది. చప్పుడు, పొగ నిబంధనలు దాటితే 10,000 దాకా. మారుమోగే సైలెన్సర్లని రోడ్డు మీద వరసగా పేర్చి రోలర్‌తో తొక్కించిన ఫొటోలు పేపర్లో చూసే ఉంటారు. డంప్ వాల్వ్ బానెట్ కింద ఉంటుంది కాబట్టి కనపడదనుకుంటారు. రాత్రి పదింటికి కనకదుర్గ ఫ్లైఓవర్ మీద దాన్ని పది మందికీ వినిపిస్తే కనపడక్కర్లేదు. ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పకుండా చేసిన మార్పులు క్లెయిమ్ రోజున పేచీకి వస్తాయి, అదొకటి.

మా మేనల్లుడు డబ్బా విప్పకుండానే వెనక్కి పంపించాడు. డబ్బులు మాత్రం ఇంకా రాలేదట. ఇప్పుడు ఎయిర్ ఫిల్టర్ మార్చుకుంటే టర్బో ఈల కొంచెం వినపడుతుంది కదా అంటున్నాడు. వినపడుతుంది. మూత లేని ఫిల్టర్ పెడితే లోపలికి తిరిగి వచ్చే గాలి చప్పుడు, టర్బో పీల్చే చప్పుడు బయటికి వస్తాయి. డైవర్టర్ ఉన్న బండ్లలో అయితే కంపెనీ వాల్వ్‌తోనే చక్కటి ‘ఫుస్’ వినిపిస్తుంది, లెక్కా తప్పదు. బానెట్ కింది వేడి గాలి పీలుస్తుంది, ఫిల్టర్ త్వరగా దుమ్ము పడుతుంది, ఆ రెండూ భరించాలి. డాక్టరు గారికీ ఇదే చెప్పాను. ఆయన ఆలోచిస్తున్నారు. వాళ్లబ్బాయి వచ్చేలోపు తేల్చుకోవాలట.

మీకూ పెట్టించుకోవాలని ఉంటే బండితోపాటు పాత వాల్వ్ కూడా తీసుకురండి, ముందు దాన్ని చూద్దాం. ఆదివారం షాపు ఉండదు.